‘లభ్యం కాదు’ అనే ముద్ర

మా అమ్మాయి పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతుంది. సీ లాంగ్వేజి నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తాను రాసిన ప్రోగ్రాము నడిపి చూపించింది. ఒక ఫైలు తెరిచి అందులో ఉన్నది చదవాలట. నడిపింది. తెర మీద ఒకే ఒక్క ముక్క వచ్చింది: ఫైలు తెరవలేకపోయాను.

"ఏ ఫైలు?" అన్నాను.

"అదేనమ్మా, నేనిచ్చిన ఫైలు."

"ఎందుకు తెరవలేకపోయిందట?"

"ఏమో. ఏదో తప్పుంటుంది. చూస్తానుండు."

నాకు ఒళ్లు మండిపోయింది. యంత్రం మీద కాదు, దాన్ని రాసిన నా కూతురి మీద. "దానికి తెలియదా, తెలిసీ చెప్పలేదా?" అని నిలదీశాను. అసలు సంగతి ఒప్పుకుంది. ఫైలు తెరుచుకోకపోతే ఎందుకు తెరుచుకోలేదో యంత్రం ఒక నంబరు వేసి పక్కన పెడుతుందట. ఆ పేరుతో ఫైలే లేదా, ఉంది గాని చూసే అధికారం మనకు లేదా, ఇలా ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఆ నంబరు చూసి మాటల్లో పెట్టి చెప్పడం ప్రోగ్రాము రాసేవాళ్ల పని. ఈవిడగారు బద్ధకించింది.

ఆ పూట దాని చేత ఆ వాక్యం తిరగరాయించాను. ఏ ఫైలు అడిగారు, ఎక్కడ వెతికావు, ఎందుకు దొరకలేదు, ఇప్పుడు ఆ మనిషి ఏం చెయ్యాలి, ఇవన్నీ ఉంటే గాని ఒప్పుకోలేదు. "ఒక్క ముక్కకి ఇంత రాద్ధాంతం ఏమిటమ్మా!" అని విసుక్కుంది. రాద్ధాంతం ఎందుకో అప్పుడు చెప్పాను. అది మొదలైనప్పుడు తను నా కడుపులో ఉంది.

నేను చోడవరం తాలూకాఫీసులో గుమాస్తాగా చేరింది అరవైల చివర్లో. మా నాన్నగారు ఆ ఉద్యోగంలో ఉండగానే పోయారు. ఆయన పోయినందుకు నాకు వచ్చిన ఉద్యోగమది. మొత్తం ఆఫీసుకి ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను ఎదురుగా ఉంటే అందరూ మాటలు ఆచితూచి ఆడాలి కదా, అందుకని హెడ్డుగుమాస్తా గారు నన్ను రికార్డు గదిలోకి తోసేశారు. "నెమ్మదైన సీటమ్మా. ఆడకూతురివి, సుఖంగా ఉంటాది" అన్నారు. సుఖం సంగతి దేవుడెరుగు, మొదటి నెలంతా తుమ్ములే.

పొడుగాటి గది, రెండు కిటికీలు, గోడల వెంబడి, మధ్యలో చెక్క అరలు. తాలూకాలోని ఒక్కో ఊరికి ఒక్కో అర, ప్రతి అరలోనూ ఎర్రగుడ్డలో కట్టిన కట్టలు. భూముల కాగితాలు, మునసబులు పంపిన జనన మరణాల పుస్తకాలు అన్నీ అందులోనే. నకలు కావలసినవాళ్లు అర్జీ పెట్టుకుంటే, నేను వెతికి, ఉంటే నకలు రాసి ఇవ్వాలి. లేకపోతే అర్జీ వెనకాల రబ్బరు ముద్ర గుద్ది తిప్పి పంపాలి. ‘లభ్యం కాదు’ అని ఉండేది ముద్ర మీద.

అలాంటి గదిలో కూర్చుంటే ‘లేదు’ అనే మాటలో ఎన్ని రకాలున్నాయో తెలుస్తుంది. కొన్ని కాగితాలు నిజంగానే లేవు, ఏదో తుపానుకి తడిసి ముద్దయిపోయాయి. కొన్ని ఉన్నాయి, కానీ తాసిల్దారు గారి సంతకం లేనిదే చూపించకూడదు. కొన్ని ఎవరిదో దావా కోసం కోర్టుకు వెళ్లి అక్కడే కాపురం పెట్టాయి. కొన్ని పక్క సీటు గుమాస్తా బల్ల మీద నెలల తరబడి కూర్చున్నాయి, అడిగితే ఆయనకి కోపం. కొన్నిటికి మొదటి పది పేజీలు నిక్షేపంగా ఉండి, పదకొండో పేజీ నుంచి చెదపురుగులు తినేసి ఉండేవి. ఇన్నిటికీ ఒకటే ముద్ర.

చేరిన కొత్తలో ఒక అర్జీ మీద ‘కోర్టులో ఉన్నది, అక్కడ అడగవలెను’ అని చేత్తో రాశాను. హెడ్డుగుమాస్తా గారు అది చూసి నన్ను పిలిచి, తండ్రిలాగే బుద్ధి చెప్పారు.

"కారణం రాసేవనుకో, ఆ కారణం పట్టుకుని ఇంకో అర్జీ పెడతాడు. దానికి మళ్లా మనమే జవాబు రాయాల. లభ్యం కాదన్నావనుకో, దణ్ణం పెట్టుకుని ఇంటికి పోతాడు. అబద్ధమేటైనా చెప్పేమా? లేదు కదా."

నిజమే, అబద్ధం కాదు. పని కూడా తగ్గింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ ముద్ర చూడకుండానే గుద్దడం వచ్చేసింది నాకు.

ఆ తండ్రీ కూతుళ్లు వచ్చింది ఒక మే నెలలో. చీడికాడ అవతల ఊరు వాళ్లది. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. కూతురు మాత్రం లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడింది. ముప్పైకి దగ్గర పడిన మనిషి. భర్త జ్వరమొచ్చి పోయాడు, పిల్లల్లేరు, తండ్రి దగ్గరే ఉంటోంది. ఎనిమిదో తరగతి ప్యాసయింది. ఊళ్లో పురుళ్లకు సాయం వెళ్లి వెళ్లి ఆ పని మీద మక్కువ పెంచుకుంది. విశాఖపట్నంలో నర్సమ్మ పని నేర్పి ఉద్యోగం ఇస్తారని తెలిసి దరఖాస్తు పెట్టింది.

చిక్కల్లా వయసు దగ్గర వచ్చింది. ముప్పై నిండిన వాళ్లను తీసుకోరు. బడిలో చేర్చిన రోజున మేస్టారు ఈమె ఎత్తు చూసి, తోచిన వయసు వేసి రాసేశారు. ఆ లెక్కన అప్పటికే ముప్పై ఒకటి. నిజానికి ఇరవై తొమ్మిదే. తాలూకాఫీసు నుంచి పుట్టుక నకలు తెస్తే దాన్నే నమ్ముతామని అక్కడివాళ్లు చెప్పారట. జూన్ మొదటి వారం లోపల తేవాలి.

"ఏ సంవత్సరం పుట్టిందో గుర్తుందా?" అని తండ్రిని అడిగాను.

"గురుతు లేకేటి తల్లీ! ఇశాపట్నం మీద బాంబులు పడ్డ ఏడు. బాంబులు రేపు నెల పడతాయనగా పుట్టింది మా గుంట."

జపానువాళ్ల బాంబులు పడింది నలభై రెండు ఏప్రిల్‌లో, అంటే పుట్టింది మార్చి. ఇంత కచ్చితంగా చెప్పేవాళ్లు అరుదు. అర్జీలో ఊరి గడి చూశాను. వరండాలో అర్జీలు రాసే ఆయన అడిగితే వీళ్లు తమ ఊరు చెప్పారు, ఆయన రాశాడు. నేను ఆ ఊరి కట్ట విప్పాను.

నా పక్షాన ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ అర్జీ మీద నేను బద్ధకించలేదు. రెండు రోజులు వెతికాను. ఆ ఏడాది పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా, ముందు ఏడాదిది, తరవాత మూడేళ్లవీ చూశాను. పుట్టుకల పుస్తకంలో బిడ్డ పేరుండదు, తండ్రి పేరు, మగో ఆడో అంతే ఉంటుంది. మూడేళ్ల తరవాతి పుస్తకంలో ఆ తండ్రి పేరు కనిపించింది. ఎదురుగా ‘మగ’ అని ఉంది. ఆడపిల్ల మాత్రం ఎక్కడా లేదు.

మూడో రోజు వాళ్లు వచ్చేసరికి ముద్ర వేసిన అర్జీ సిద్ధంగా ఉంది. కూతురు తీసుకుని వెనక్కి తిప్పి చదివింది. చదివి, వెళ్లిపోకుండా నిలబడింది.

"లభ్యం కాదంటే ఏటండి? రాయనేదా? రాసిన పుస్తకం పోయిందా? నేకపోతే మీకు కనపడనేదా?"

మూడో ప్రశ్న నాకు గుచ్చుకుంది. నాలుగో నెల కడుపుతో, వేవిళ్లతో, ఆ దుమ్ములో రెండు రోజులు కూర్చున్నాను. ఇంతా చేస్తే కనపడలేదా అంటుందేమిటని మండిపడ్డాను.

"పుస్తకం బాగానే ఉంది. నా కళ్లూ బాగానే ఉన్నాయి. మీ తమ్ముడి పుట్టుక అందులో రాసే ఉంది. నీది రాయించలేదు. రాయించనిది నేనెక్కడ నుంచి తెచ్చేది?"

ఆమె నా మీద తిరగబడలేదు. మెల్లగా గుమ్మం వైపు తిరిగి తండ్రిని చూసింది.

"తమ్ముడిది రాయించేవా అయ్యా?"

"ఎవులు రాస్తారో, ఎవులు రాయిస్తారో నాకేటి తెలుసే" అన్నాడాయన. తలపాగా చుట్టుకోవడం కూడా మరిచిపోయి ఆమె వెనకాలే మెట్లు దిగాడు.

నాకు తెలిసింది ఆ ఊరి పుస్తకంలో లేదని మాత్రమే. నేను చెప్పిందేమో, రాయించలేదని. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఆవేళ నా బుర్రకి తట్టలేదు. ముద్ర కనీసం ఏమీ చెప్పకుండా ఊరుకుంది. నేను నోరు తెరిచి తప్పు చెప్పాను.

పురిటికి నేను వడ్డాదిలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. అక్టోబరులో మా అమ్మాయి పుట్టింది. మూడో రోజున ఊరి తలారి వచ్చి, పుట్టుక రాసుకోవాలి, తండ్రి పేరేమిటని అడిగాడు. నేను గదిలోంచే కేకేసి చెప్పాను, మాది చోడవరం, మావారు అక్కడ రాయిస్తారు, మీరు శ్రమ పడక్కర్లేదని. వాడు వెళ్లిపోయాడు.

మర్నాడు మునసబు గారే వచ్చారు. అరుగు మీద కూర్చుని, లోపలికి వినపడేలా అన్నారు.

"బిడ్డ ఏ ఊళ్లో నేల మీద పడితే ఆ ఊరి పుస్తకంలోనే ఎక్కాలమ్మా. మీ అత్తోరిది ఏ ఊరైతే నాకేటి? ఆ పుస్తకాలన్నీ నువ్వే కాసుకుంటన్నావు, నీకు తెలవదేటి?"

మా అమ్మ నవ్వింది, పక్కింటివాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన తండ్రి పేరు రాసుకుని, ‘ఆడ’ అని రాసుకుని వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం పిల్లకి పాలిస్తుండగా నా నవ్వు చల్లారిపోయింది. చీడికాడ అవతలి నుంచి వచ్చిన ఆ ఇద్దరూ గుర్తొచ్చారు.

మా వైపు ఎవరినైనా మీది ఏ ఊరని అడిగితే తండ్రి ఊరు చెబుతారు, పెళ్లయిన ఆడదైతే మొగుడి ఊరు చెబుతుంది. తొలి కానుపు మాత్రం పుట్టింట్లోనే. ఈ రెండూ తెలియనివాళ్లు తాలూకా మొత్తంలో ఒక్కరు లేరు. రెంటినీ కలిపి ఆలోచించినవాళ్లే లేరు. అర్జీ రాసిన ఆయన ఆలోచించలేదు, ఆ తండ్రి ఆలోచించలేదు, పుస్తకాల మధ్య కూర్చున్న నేను అసలే ఆలోచించలేదు. ఆమె తొలిచూలు. వాళ్లమ్మ పుట్టింట్లో పుట్టి ఉంటుంది. ఆ ఊరేదో నేను అడగనేలేదు.

సెలవు అయి జనవరిలో పనిలో చేరాక మొదట, అర్జీలు నమోదు చేసుకునే పుస్తకంలో ఆ అర్జీ వెతికి పట్టుకున్నాను. అందులో ఉన్న చిరునామాకి ఒక కార్డు రాశాను: మీ తల్లిగారి పుట్టిల్లు ఏ ఊరో తెలియజేయండి. పది రోజులకు జవాబు వచ్చింది, గుండ్రటి అక్షరాలతో. ‘మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆమె పుట్టిల్లు రావికమతం. ఇప్పుడెందుకు అడుగుతున్నారు?’

రావికమతం అర నా బల్లకి నాలుగు అరల అవతల ఉంది. కట్ట విప్పి, నలభై రెండు పుస్తకం తీసి, మార్చి తిప్పాను. పావుగంట కూడా పట్టలేదు. తండ్రి పేరు, అతని ఊరు, ‘ఆడ’, తారీఖు. తెలియజేసినవారు: బిడ్డ తాతగారు. సిరా కూడా చెదరలేదు.

ఆ రోజు నుంచి ముద్ర వాడడం మానేశాను. ఏ ఊరి పుస్తకం చూశానో, ఏయే సంవత్సరాలు చూశానో, ఎందుకు దొరకలేదో, ఇంకెక్కడ అడగాలో చేత్తోనే రాసేదాన్ని. "నీకు చెప్పి ఏం లాభం" అని హెడ్డుగుమాస్తా గారు సణిగేవారు. సణిగినా ఆపలేదు. అర్జీలు ఆయన అన్నట్టే పెరిగాయి కూడా.

రమ్మని రాసిన కార్డు అందుకుని ఫిబ్రవరిలో వాళ్లు వచ్చారు. ఈసారి ఆమె ఒక్కతే లోపలికి వచ్చింది. తండ్రి ఏడని అడిగాను.

"వరండాలో ఉన్నాడండి. లోపలికి రాడు. ఇంట్లో కూడా మేం పెద్దగా మాటాడుకోమండి" అంది.

నకలు చేతికిచ్చాను. నిలబడే చదువుకుంది. తాత పేరు దగ్గర వేలు పెట్టి ఆగింది.

"అయితే రాసుందన్నమాట."

"ఉంది."

"నేనొచ్చిన నాడు కూడా ఉందా?"

"ఉంది. ఆ అరలోనే ఉంది" అని చూపించాను. ఆమె ఆ అర వైపు చూస్తూ ఉండిపోయింది. నన్ను తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

నేనే లేచి వరండాలోకి వెళ్లాను. ఆయన గోడకి ఆనుకుని బల్ల మీద కూర్చున్నాడు, నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని చెప్పి, నేనూ పక్కన కూర్చున్నాను.

"మీ అమ్మాయి పుట్టుక రాసే ఉంది. రావికమతం పుస్తకంలో ఉంది. నేను మీ ఊరి పుస్తకాలే చూసి, మీరు రాయించలేదనేశాను. తప్పు నాది. మీది కాదు."

"రావికమతంలోనే గదమ్మా పుట్టింది" అన్నాడాయన. "బాంబులు పడ్డాయని జనాలు బళ్లు కట్టుకుని పల్లెలకొచ్చేస్తంటే, నానే ఎల్లి తల్లినీ బిడ్డనీ తెచ్చుకున్నాను."

"మరి ఆ మాట అప్పుడు చెప్పలేదేం?"

"ఎవులూ అడగనేదు తల్లీ. మీదే ఊరని అడిగేరు. మా ఊరు సెప్పేను."

కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన ఆమెను చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"అయితే మా గుంటకి ఇప్పుడా సదువు ఇచ్చేస్తారా?"

ఆమెకు లెక్క వచ్చు. కాగితం చూసిన నిమిషంలోనే ఆమెకు తెలిసిపోయింది. ఆయనకు చెప్పవలసింది నేను. చెప్పాను. ముప్పై నిండకూడదన్న నియమం ఉంది. ఆమెకు వచ్చే నెల నిండుతాయి. మళ్లీ మనుషుల్ని తీసుకునేది జూన్‌లో. పోయిన జూన్‌లో ఈ కాగితం ఉంటే సరిపోయేది, ఇప్పుడు ఇది ఉన్నా సరిపోదు. ఆ ఏడాది నా మాట వల్ల పోయింది. చెయ్యగలిగింది ఒక్కటే, తప్పు మా వైపు జరిగిందని రాసి, వయసు సడలించమని విశాఖపట్నం వాళ్లను అడగడం. ఆయన అంతా విన్నాడు. కూతురు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆఫీసు తప్పని ఆఫీసు కాగితం మీద రాయడానికి హెడ్డుగుమాస్తా గారు ఒప్పుకోలేదు. నా పేరు పెట్టి తెల్లకాగితం మీద రాసిచ్చాను, జరిగింది జరిగినట్టు, రెండు పేజీలు. ఏప్రిల్‌లో దానికి జవాబు వచ్చిందని ఆమె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒకటే పంక్తి. తమ విన్నపం పరిశీలించడమైనది, వీలుపడదు.

"ఎందుకు వీలుపడదో రాయనేదండి" అంది.

వాళ్లు నా రెండు పేజీలు చదివారో లేదో కూడా ఆ పంక్తి చూస్తే తెలియదు. నాకు తెలియదనే చెప్పాను.

"పోన్లెండి. మా అయ్య నాతో మాటాడతన్నాడు" అని, ఆ జవాబు మడిచి నకలుతో పాటు సంచీలో పెట్టుకుని బస్సుకి వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు వాళ్ల ఊరివాళ్లెవరో ఏదో నకలు కోసం వస్తే ఆమె సంగతి అడిగాను. బాగానే ఉందన్నారు. ఊరికి ఇప్పుడు తెల్లచీర కట్టుకుని నర్సమ్మ వస్తోందట, ఇరవై రెండేళ్ల పిల్ల. కష్టమైన కానుపు వస్తే ఆ పిల్లకి చెయ్యి ఆడదట. అప్పుడు పక్కన కూర్చుని ఏం చెయ్యాలో చెప్పేది ఈమేనట. పని అయిపోయాక నర్సమ్మ సంచీ రోడ్డుదాకా మోసుకెళ్లి బస్సు ఎక్కించేది కూడా ఈమేనట.